కలుపుకుంటే మనం

మా అత్తగారు నాతో మాటలు మానేసి నాలుగేళ్లవుతోంది. మానేశారంటే మూగనోము పట్టారని కాదు. కొడుకుతో మాట్లాడతారు, పాలు పోసేవాడితో మాట్లాడతారు, గోడమీది పిల్లితో అయితే గంటలకొద్దీ మాట్లాడతారు. నాకు మాత్రం ఒక్క మాట మిగిల్చారు. నేనేం అడిగినా అదే జవాబు. ఆ మాట ఆవిడకి నా పుణ్యమా అనే అబ్బింది కాబట్టి, నేను నోరెత్తడానికి లేదు.

అంతా ఆ ఎండాకాలం చేసిన పని. ఎండాకాలం మీదికి తోసేస్తున్నాను గానీ, చేసింది నేనే.

నేను కాలేజీలో విదేశీ విద్యార్థుల సహాయ విభాగంలో గుమస్తాని. పేరు చూసి పెద్ద ఆఫీసనుకునేరు. మెట్ల కింద గది. అంతకుముందు అందులో ఆటసామాను పడేసేవాళ్లు. గాలిపోయిన బంతుల వాసన ఇప్పటికీ వదల్లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక రబ్బరు ముద్ర. కుర్చీల్లో ఒకదానికి కాలు కుంటి, అది వచ్చినవాళ్లకి. బయట బోర్డు మీద 'సహాయ' అన్న మాట ఇంతింత అక్షరాల్లో రాసి ఉంటుంది. లోపల నా పనల్లా, వచ్చిన కాగితంలో ఏదో ఒక తప్పు పట్టి వెనక్కి పంపడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని సూపరింటెండెంటుగారే అనేవారు. అది మెచ్చుకోలే అనుకునేదాన్ని.

ఎండలు ఇంకా ముదరకముందు, ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫిజియోథెరపీ చివరి సంవత్సరం. చేతిలో చిన్న నోటుపుస్తకం.

"మేడమ్, మనం విదేశీయులం," అంది. "మనకు గది లేదు."

నవ్వాపుకోలేకపోయాను. "మనం కాదు తల్లీ, మేము. నీతోపాటు నన్నూ కలిపేస్తావేం? నాకు నిక్షేపంలాంటి ఇల్లుంది."

ఆ పిల్ల కుంటికుర్చీలో జాగ్రత్తగా కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. "తేడా ఏమిటి మేడమ్?"

"ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం. కలుపుకోకపోతే మేము."

"మా భాషలో ఒకటే మాట ఉంది. అందరూ అందులోనే పడతారు." రాసుకుంది. రాసుకుని తలెత్తి, "ఎప్పుడు కలుపుకోకూడదు?" అని అడిగింది.

"అదే తెలుస్తుందిలే," అన్నాను.

హాస్టల్లో వాళ్లున్న వరస గదులకి మరమ్మతులు. మిగతా పిల్లలు తలో చోటా సర్దుకున్నారు, ఈ పిల్ల మిగిలిపోయింది. సూపరింటెండెంటుగారు నా బల్ల దగ్గరికొచ్చి, "మీ మేడమీది గది ఖాళీయేగా అమ్మా?" అన్నారు. పై అధికారి నోరు తెరిచి అడిగితే కాదనేదేముంది? లోపల తిట్టుకుంటూనే ఇంటికి తెచ్చాను. మా ఆయన ఆ పిల్లకి 'మనం' అని పేరు పెట్టేశాడు. ఎన్నిసార్లు దిద్దినా ఆ పిల్ల నోట మేము అన్న మాట పలకలేదు మరి. మనం భోజనం చేశాం, మనం మెట్లు కడిగాం. ఎవరు చేశారమ్మా అంటే, తనొక్కతే.

ఇల్లు అత్తయ్య పేరున ఉంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, చెవులు దూరం. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే "ఎందుకే అలా కరుస్తావు?" అంటారు. ఆ పిల్ల తెలుగు పుస్తకంలోంచి వచ్చిన తెలుగు. ఒత్తులతో సహా ఒక్కో అక్షరం విడదీసి పలికేది. వచ్చిన మర్నాడే వసారాలో అత్తయ్య ఎదురుగా చతికిలబడి, "బా-మ్మ-గా-రూ, మో-కా-లు నొ-ప్పి-గా ఉ-న్న-దా?" అంది.

అత్తయ్యకి ఒక్క ముక్క పోకుండా వినపడింది. కొడుకుని కేకేసి మరీ చెప్పారు: "ఒరేయ్, ఈ కొంపలో తెలుగు సరిగ్గా మాట్లాడేది ఈ పిల్ల ఒక్కతేరా!"

నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే వసారాలో పాఠం. "మనం కాలు ఎత్తుదాం. మనం పది లెక్కపెడదాం." అనడమే కాదు, నేలమీద కూర్చుని తనూ కాలెత్తేది, తనూ లెక్కపెట్టేది. "నడుద్దాం" అంటే అత్తయ్య చెయ్యి పట్టుకుని వసారా ఈ చివర నుంచి కుళాయి దాకా తనూ నడిచేది. మూడు వారాలు తిరక్కుండా అత్తయ్య వాకిట్లోని రెండు మెట్లూ ఎవరి సాయమూ లేకుండా దిగారు. సంతోషించాల్సిందే, కాదనను. కానీ ఎనిమిదేళ్లు నా భుజం పట్టుకుని దిగిన మనిషి, నా వంకైనా చూడకుండా దిగిపోతే ఎలా ఉంటుందో, పడ్డవాళ్లకి తెలుస్తుంది. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టాను ఆ పూట.

ఈలోగా ఎండలు ముదిరాయి. బోర్లు ఎండిపోయాయి. వీధిలోకి రోజు విడిచి రోజు ట్యాంకరు రావడం మొదలైంది. గొంతులు ఎండితే నాలుకలు పదునెక్కుతాయి కాబోలు, వీధి వీధంతా ఆ పిల్ల మీద పడింది. రోజూ తలస్నానం చేస్తుందిట. రోజూ బట్టలు ఉతుకుతుందిట. ఆదివారం చదువుకోడానికి ఇద్దరు స్నేహితురాళ్లు వస్తే, మా మేడమీద మకాం పెట్టారని పుకారు. పక్కింటావిడ తన చీపురు పోయిందని, తిన్నగా మా మేడ వంక చూసింది. ఆ చీపురు తర్వాత వాళ్ల మంచం కిందే దొరికింది. దొరికినట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం వీధి సంఘం సెక్రటరీగారు వచ్చారు. మా ఆయన నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. వాకిట్లో ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"చెల్లెమ్మా," అన్నారు సెక్రటరీగారు, కుర్చీ వేసినా కూర్చోకుండా. "మన వీధివాళ్లందరం ఒక మాట అనుకున్నాం."

"ఏమిటండీ?"

"మీ మేడమీది వాళ్ల సంగతే. మనకే గొంతు తడిసే దారి లేదు. ఎక్కడెక్కడి వాళ్లనో తెచ్చి నెత్తిన పెట్టుకుంటే ఎలా?"

"ఒక్క పిల్లేనండీ. చదువు అయిపోగానే పోతుంది."

"ఇవాళ ఒకత్తి. చనువిస్తే నెత్తికెక్కుతారు, నీకు తెలీనిదేముంది? మేమేం వెళ్లగొట్టమనడం లేదు. ట్యాంకరు ఎవరి గుమ్మం దగ్గర ఆగాలో, ఎవరి గుమ్మం దాటిపోవాలో సంఘం చూసుకుంటుంది. అంతే."

మా ఆయన తలెత్తలేదు. సెక్రటరీగారి చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగిందాకా ఆగి, అడిగాను.

"ట్యాంకరు నీళ్లతో వాళ్ల సంపు పొంగి పొద్దుటంతా మురిక్కాలవలోకి పోతోందని మొన్న మీరే కదండీ చెప్పారు? ఆ మాట మొహాన అనకపోయారా?"

"నిండగానే నీళ్లు ఆపే ఫ్లోటు పాడైంది. చెప్తే నామీద పడతాడు. ఈ చుట్టుపక్కల సగం మోటార్లు ఆయన మాటమీదే నా దగ్గరికి వస్తున్నాయి. నా నోట్లో మట్టి కొట్టకు."

"అయితే ఆ పిల్ల నోట్లో కొడతారా?"

"నువ్వు కొట్టవా?" అన్నాడు. నేను మాట మార్చాను.

నెల మొదట్లో ఆ పిల్ల నా ఆఫీసుకి ఒక కాగితం తెచ్చింది. నివాస ధ్రువీకరణ. 'ఈ విద్యార్థి మా ఇంట్లో ఉంటున్నది' అని ఇంటి యజమాని సంతకం పెట్టాలి. పదిహేనో తేదీ సాయంత్రం ఐదు లోపల అది నా బల్లమీదికి రావాలి. రాకపోతే ఉండనిచ్చే అనుమతి పొడిగించరు. అనుమతి లేకపోతే హాల్‌టికెట్టు లేదు. హాల్‌టికెట్టు లేకపోతే నాలుగేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే, పెట్టె సర్దుకుని వెళ్లిపోవాలి. ఆ నిబంధన టైపు కొట్టి గోడకి అంటించింది నేనే.

"బామ్మగారిని సంతకం అడగనా మేడమ్?"

"వద్దొద్దు. పెద్దావిడ, కాగితం అంటే కంగారు పడతారు. నాకిచ్చెయ్."

"ఎప్పుడు అవుతుంది మేడమ్?"

"చూద్దాం," అన్నాను.

మనలో చూద్దాం అంటే ఏమిటో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. అవదు అని మొహం మీద చెప్పలేక అనే మాట అది. చుట్టం చేబదులు అడిగితే చూద్దాం. పిల్లాడు సైకిలు కొనిపెట్టమంటే చూద్దాం. ఆ పిల్లకి తెలీదు. మొహం ఇంత చేసుకుని, "చూద్దాం!" అంది తనూ. ఎత్తుదాం అంటే తను ఎత్తేది. నడుద్దాం అంటే నడిచేది. కాబట్టి చూద్దాం అంటే మనం, మీరూ నేనూ కలిసి ఈ పని చూస్తాం అనుకుంది. నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది కూడా. నాకు అక్కడే, ఆ క్షణంలోనే అర్థమైంది. అన్ని తప్పులు దిద్దినదాన్ని, ఆ ఒక్కటీ దిద్దలేదు.

కాగితం సంచిలో పెట్టాను, టిఫిను డబ్బా కింద. పాము చావాలి, కర్ర విరగకూడదు. నేను వెళ్లగొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. పదిహేనో తేదీ దాని మానాన అది వచ్చి పోతుంది, ఆ పిల్లా దాని మానాన అది పోతుంది. నా గుమ్మంలో ట్యాంకరు ఆగుతుంది. అత్తయ్య మళ్లీ నా భుజం పట్టుకుంటారు. ఆ చివరి మాట అప్పుడు పైకి అనుకోలేదు గానీ, లోపల అదే ఉంది.

రోజూ మెట్లమీద ఎదురై, "మేడమ్, చూద్దామా?" అనేది. "చూద్దాం, చూద్దాం," అనేదాన్ని. నిశ్చింతగా పుస్తకాలు పట్టుకుని పోయేది.

పదమూడో తేదీ పొద్దున్న ట్యాంకరొచ్చింది. వీధి పొడుగునా క్యాన్లూ బకెట్లూ వరస కట్టాయి. నాది మూడో క్యాను. ఆ పిల్ల చివర్లో రెండు క్యాన్లతో నిలబడింది, ఒకటి తనకి, ఒకటి అత్తయ్య స్నానానికి. పక్కింటావిడ వరస వదిలి గబగబా వెళ్లి, ఆ పిల్ల క్యాన్‌ని కాలితో ఒక్క తోపు తోసింది. అది దొర్లుకుంటూ పోయి కాలవ గట్టున ఆగింది.

"ఇవి మా వీధి నీళ్లు!"

ఆ పిల్ల గొంతు పెంచలేదు. ఎప్పట్లాగే అక్షరం అక్షరం విడదీసి, "మనం అందరం ఒక వీధి కదండీ," అంది.

వరసంతా గొల్లున నవ్వింది. "మనమట! విన్నారా, మనమట!" నవ్వులోంచి ఒక గొంతు తిట్టు కూడా విసిరింది. ఆ తిట్టు పుస్తకాల్లో ఉండదు, అయినా ఆ పిల్లకి అర్థమైనట్టే ఉంది.

సెక్రటరీగారు ట్యాంకరు పైపు చేత్తో పట్టుకుని, నా వైపు తిరిగారు. "ఏం చెల్లెమ్మా, మీ మనిషేనా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా ముందు రెండు క్యాన్లే ఉన్నాయి.

"మేము వేరండీ," అన్నాను. "ఆ అమ్మాయి వేరు."

ఆ పిల్ల నా వంక చూసింది. కోపంగా కాదు. ఆఫీసులో నేను ఏదైనా తప్పు దిద్దినప్పుడు ఎలా చూసేదో, అలా చూసింది. తర్వాత కాలవ గట్టుకి వెళ్లి క్యాను తీసుకుని, ఉత్త క్యాన్లతో లోపలికి వెళ్లిపోయింది. నా క్యాను అంచుదాకా నిండింది. ఒక్క చుక్క ఒలక్కుండా ఇంటికి తెచ్చాను.

ఆ సాయంత్రం మెట్లమీద, "మేడమ్, కాగితం?" అంది. చూద్దామా అనలేదు.

"చూద్దాం అన్నానుగా!" అని కసిరాను. తలూపి పైకి వెళ్లిపోయింది.

పదిహేనో తేదీ నాలుగు గంటలకి సూపరింటెండెంటుగారు రిజిస్టరు తెప్పించుకున్నారు. "ఆ ఫిజియో అమ్మాయి కాగితం వచ్చిందా?"

"రాలేదండీ," అన్నాను.

కాగితానికి కాళ్లుంటాయా రావడానికి? నా కుర్చీకి తగిలించిన సంచిలో, టిఫిను డబ్బా కింద, మూల నూనె మరకతో ఉంది. తియ్యొచ్చు. ఇంటికి పరిగెత్తితే పావుగంట దూరం, సంతకం పెట్టించుకుని రావచ్చు. కాళ్లు నావే, కదపలేదు. సూపరింటెండెంటుగారు ఆ పేరు ఎదురుగా ఎర్రసిరాతో సున్నా చుట్టి రిజిస్టరు మూసేశారు.

ఐదు దాటాక ఆ పిల్ల వచ్చి కుంటికుర్చీలో కూర్చుంది.

"టైమైపోయిందమ్మా," అన్నాను. "ఏం చెయ్యను?"

"పాత హాస్టలు వార్డెనుగారు ఆవిడ ఇంటి చిరునామా మీద రాసిస్తాను అన్నారు," అంది. "వాళ్లింట్లో ఉండమన్నారు. పదో తేదీన. వద్దు అన్నాను. ఇప్పుడు ఆవిడ సెలవులో ఉన్నారు."

"ఎందుకు వద్దన్నావు?"

"మీరు చూద్దాం అన్నారు కదా."

"చూద్దాం అంటే..." మళ్లీ మొదలుపెట్టాను. "చూద్దాం అంటే అలా కాదు తల్లీ."

"ఎలా మేడమ్?"

పెన్ను తీసింది. నోటుపుస్తకం తెరిచింది. నేను చెబితే రాసుకోడానికి సిద్ధంగా కూర్చుంది. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఏమని చెప్పను? కాదనడానికి మేం వాడే మాట, నువ్వు నమ్మావు చూడు, అదీ తప్పు అని చెప్పనా?

బల్లమీది రబ్బరు ముద్ర సర్దాను. ఆ పిల్ల పుస్తకం మూసింది.

"మీరు చూద్దాం అన్నారు," అంది లేస్తూ. "నేను చూశాను."

మర్నాడు పైన పెట్టె సర్దుతున్న చప్పుడు అత్తయ్యకి వినపడే ప్రసక్తే లేదు. కానీ పొద్దున్న పాఠానికి ఆ పిల్ల రాలేదని, ఆవిడే కర్ర పుచ్చుకుని మేడ మెట్లు సగందాకా ఎక్కారు. ఎనిమిదేళ్లలో ఆవిడ ఆ మెట్టు ఎక్కడం అదే మొదలు.

"ఎక్కడికే ప్రయాణం?"

"కా-గి-తం మీద మీ సం-త-కం లేదు, బా-మ్మ-గా-రూ. మే-డ-మ్ చూ-ద్దాం అ-న్నా-రు."

ప్రతి అక్షరం వినపడింది ఆవిడకి. అలాగే దిగి, తిన్నగా వంటింట్లోకొచ్చారు.

"ఏదీ కాగితం?"

ఏ కాగితం అత్తయ్యా అని బొంకుదామనుకున్నాను. ఆవిడ మొహం చూశాక మానుకున్నాను. సంచిలోంచి తీసి ఇచ్చాను. పెన్ను అడిగారు. స్టవ్వు గట్టుమీదే పరిచి, ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం వదలకుండా సంతకం పెట్టారు. రెండు నిమిషాలు పట్టింది. అంతే పట్టింది.

"ఇప్పుడు లాభం లేదత్తయ్యా. గడువు నిన్నటితో..."

"నన్నెందుకు అడగలేదే?"

"వీధివాళ్లు!" అని అరిచాను. "మన గుమ్మంలో ట్యాంకరు ఆగనివ్వం అన్నారు! వినపడుతోందా? ట్యాంకరు!"

"వినపడ్డం లేదు," అన్నారు అత్తయ్య. వినపడిందని ఇద్దరికీ తెలుసు.

సంతకం పెట్టిన ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంటుగారి దగ్గరికి పరిగెత్తాను, అబద్ధమెందుకు. నిన్న నా సంచిలోనే ఉందండీ అని కూడా చెప్పాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నూనె మరక మీద వేలు పెట్టి, "మరకలున్న కాగితాలు తీసుకోం అని మీరే కదమ్మా గోడమీద రాశారు?" అన్నారు. పైగా రిజిస్టరు అప్పటికే పై ఆఫీసుకి పోయింది.

మూడో రోజు స్నేహితురాళ్లిద్దరూ వ్యాను తెచ్చారు. వీధిలో జనం ఎవరి గేట్ల దగ్గర వాళ్లు నిలబడ్డారు, ఊరేగింపు చూస్తున్నట్టు. ఆ పిల్ల అత్తయ్య ముందు కూర్చుని మోకాళ్లు రెండూ నొక్కి చూసింది.

"రోజూ పది, బామ్మగారూ. మీరు లెక్కపెట్టుకోండి."

లెక్కపెడదాం అనలేదు. అత్తయ్య ఆ పిల్ల చెయ్యి వదల్లేదు. స్నేహితురాలు వచ్చి విడిపించాల్సి వచ్చింది.

గేటు దగ్గర నేనున్నాను. ఆ పిల్ల ఆగింది. వెనకాల స్నేహితురాళ్లిద్దరూ ఆగారు.

"మేము వెళ్తున్నాం మేడమ్," అంది.

ఒక్క తప్పు లేదు. ఇన్నాళ్లూ దిద్దీ దిద్దీ నేను నేర్పలేనిది, వీధి కుళ్లంతా కలిసి ఒక్క పొద్దులో నేర్పేసింది. వీధి అంటున్నాను మళ్లీ. నేర్పింది నేనే, మూడో క్యాను పక్కన నిలబడి. ఒక్కసారి మనం అనవే తల్లీ, అని బతిమాలాలనిపించింది. ఏ మొహంతో అడగను?

వారం తిరక్కుండా మా ఆయన, ఎవరూ పిలవకుండానే, సెక్రటరీగారింటికి వెళ్లి సంపులో ఫ్లోటు మార్చి వచ్చాడు. కాలవలోకి పోయే నీళ్లు ఆగాయి. ట్యాంకరు నీళ్లు చివరింటి దాకా అందాయి. వీధి వీధంతా ఏమనుకుందో తెలుసా? ఆ పిల్ల వెళ్లింది, నీళ్లు మిగిలాయి అని. సెక్రటరీగారు మా గుమ్మంలోకొచ్చి, "చూశావా చెల్లెమ్మా, నేను చెప్పలే?" అన్నారు. మా ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను తలుపు మొహం మీదే వేశాను. ఆలస్యమైన తెగువ ఎవడిక్కావాలి? ఆ గది మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. అత్తయ్య ఇవ్వనివ్వరు.

ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే వసారాలో కూర్చుని కాలెత్తుతారు. ఒకటి నుంచి పది దాకా పైకే లెక్కపెడతారు, ఒక్కరే. తర్వాత కర్ర పుచ్చుకుని కుళాయి దాకా నడుస్తారు. ఈమధ్య అడుగు తడబడుతోంది, చూస్తూ ఊరుకోలేను. ఇవాళ కూడా వెళ్లి పక్కన నిలబడ్డాను. అరిస్తే వినరు కాబట్టి, నేనూ నేర్చుకున్నాను, ఒక్కో అక్షరం విడదీసి అడగడం.

"అ-త్త-య్యా, మ-నం న-డు-ద్దా-మా?"

వినపడింది. నా భుజం వంక చూశారు. తర్వాత నా మొహం వంక చూశారు. ఆ పిల్ల పలికినట్టే, ఒత్తుతో సహా స్పష్టంగా, నాకు మిగిల్చిన ఆ ఒక్క మాటా అన్నారు.

"చూ-ద్దాం."

కర్ర పుచ్చుకుని ఒక్కరే కుళాయి వైపు నడిచారు.